ఆదోని దూది, పిల్లి ఊపిరి

పిల్లలూ! చెన్నై నుంచి ముంబై పోయే రైలు ఎక్కితే, గుంతకల్లు దాటిన తరువాత ఆదోని స్టేషను వస్తుంది. ఇది పాత దారి. దక్షిణం నుంచి వచ్చిన మద్రాసు రైల్వే, బొంబాయి వైపు నుంచి వచ్చిన రైల్వే 1871లో రాయచూరు దగ్గర కలుసుకున్నాయి. ఆ దారిమీదనే ఆదోని పత్తి దేశదేశాలకు పోయింది. వర్తకం అంత జోరుగా సాగినందువల్ల ఆదోనిని రెండవ బొంబాయి అని పిలిచేవారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు బళ్ళారి జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడి బజారులో తెలుగుతోపాటు కన్నడమూ, ఉర్దూ కూడా వినిపిస్తాయి.

ఊరి పక్కనే పెద్ద పెద్ద గుండ్లు పేర్చినట్టుండే కొండలున్నాయి. వాటిమీద పాతకోట గోడలు కనిపిస్తాయి. విజయనగర రాజులూ, బిజాపూరు సుల్తానులూ ఏలిన కోట అది. 1786లో టిప్పు సుల్తాను దీన్ని ముట్టడించాడు. కింద ఊళ్ళో, పదిహేడవ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన షాహీ జామియా మసీదు ఉన్నది. వెళ్ళినవాళ్ళు దాన్ని చూడకుండా రారు.

కోట ఎక్కేటప్పుడు అందరికీ ఆయాసం వస్తుంది. రొమ్ము ఎగసిపడుతుంది, నోరు ఎండిపోతుంది. ఒక గుండుమీద కాసేపు కూర్చుంటే అదే తగ్గిపోతుంది. కాళ్ళు ఎక్కువ పనిచేశాయి, వాటికి ఎక్కువ గాలి కావలసి వచ్చింది, అంతే. కాని కూర్చున్నా తగ్గని ఆయాసం మరొకటి ఉన్నది. అది మనుషులకే కాదు, పిల్లులకూ వస్తుంది. ఆ సంగతి తెలుసుకోవాలంటే కొండ దిగి పత్తి బజారుకు పోదాం, రండి.

ఆదోని చుట్టూ నల్లరేగడి నేలలున్నాయి. వానాకాలంలో విత్తిన పత్తి దసరా నాటికి పగలటం మొదలుపెడుతుంది. అప్పటినుంచి మార్కెట్ యార్డుకు బండ్లమీద, లారీలమీద పత్తి వచ్చి పడుతుంది. ఎక్కడ చూసినా తెల్లని గుట్టలే! అక్కడనుంచి అది జిన్నింగు మిల్లులకు పోతుంది. జిన్ను అనే యంత్రం గింజను ఒకవైపుకూ, దూదిని ఒకవైపుకూ విడదీస్తుంది. మూడు పాళ్ళ పత్తిలో దూది సుమారు ఒక పాలే. తక్కిన రెండు పాళ్ళూ గింజలే. గింజలనుంచి నూనె తీస్తారు, తెలకపిండి పశువులకు పెడతారు. దూదిని అదిమి బేళ్ళు కడతారు. ఒక్కొక్క బేలు 170 కిలోలు తూగుతుంది.

మిల్లులో కిటికీగుండా ఎండ పడేచోట నిలబడి చూడండి. గాలిలో సన్నని నూగు తేలుతూ ఉంటుంది. ఎండ లేనిచోట అది కనబడదు గాని, అక్కడా ఉంటుంది. దూదితోపాటు ఎండుటాకుల పొడి, మట్టి కూడా అందులో కలిసి ఉంటాయి. మన ముక్కులోని వెంట్రుకలూ, తడీ చాలా దుమ్మును ఆపేస్తాయి. తప్పించుకొని లోపలికి పోయినదాన్ని దగ్గు బయటికి తోసేస్తుంది. అయినా నూలు మిల్లులలో ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చినవారికి ఒక జబ్బు వస్తుందని వైద్యులు చాలాకాలం కిందటే కనిపెట్టారు. వారానికొక సెలవు తీసుకొని సోమవారం పనిలోకి రాగానే వారి రొమ్ము బిగుసుకుపోతుంది. అందువల్లనే మిల్లులలో దుమ్మును లాగివేసే పంకాలు ఉండాలి, పనివారు ముక్కుకు తొడుగు కట్టుకోవాలి.

ఇక పిల్లి సంగతికి వద్దాం. ఆదోనిలో ఒక ఇల్లు ఊహించుకోండి. ఆ ఇంట్లో అవ్వ, అమ్మా నాన్నా, అక్కా తమ్ముడూ ఉన్నారు. వాళ్ళకొక తెల్లపిల్లి ఉన్నది. ఆ ఊరికి తగినట్టు దానికి ‘దూది’ అని పేరు పెట్టారు.

ఒకరోజు దూది ఉన్నట్టుండి నేలకు కరుచుకొని కూర్చున్నది. మెడ ముందుకు చాచి, మోచేతులు బయటికి పెట్టి, ‘ఖ్హ, ఖ్హ’ అని దగ్గసాగింది.

“బొచ్చు మింగి ఉంటుంది లే, కక్కేస్తుంది,” అన్నది అవ్వ.

“లేదవ్వా! నిన్నా ఇట్లాగే చేసింది, మొన్నా చేసింది. ఒక్కసారి కూడా ఏమీ కక్కలేదు,” అన్నది అక్క.

అక్క గమనించినది అసలైన గుర్తు. ఒళ్ళు నాకుకొనే పిల్లి కడుపులో బొచ్చు ఉండ కట్టడం మామూలే. అప్పుడు పిల్లి దాన్ని కక్కేస్తుంది. కాని మాటిమాటికీ మెడ చాచి దగ్గుతూ ఏమీ కక్కకపోతే, చిక్కు కడుపులో కాదు, ఊపిరితిత్తులలో ఉండవచ్చు. నూరు పిల్లులలో ఒకటి నుంచి ఐదింటికి ఉబ్బసం ఉండవచ్చునని పశువైద్యుల అంచనా.

అయితే దగ్గిన పిల్లికల్లా ఉబ్బసమేనని మనం తేల్చకూడదు. ఊపిరితిత్తులలో పురుగులున్నా, గుండెజబ్బు ఉన్నా పిల్లి ఇలాగే చేస్తుంది. ఎక్స్‌రే తీసి, కావలసిన పరీక్షలు చేసి పశువుల డాక్టరే చెప్పాలి. ఇదే రైలుదారిలో తిరిగి పోతే రేణిగుంట వస్తుంది. దాని దగ్గరే ఉన్న తిరుపతిలో 1955లో పశువైద్య కళాశాల ఏర్పడింది. ఆవులకూ ఎద్దులకూ వైద్యం నేర్చుకొనేవారు అక్కడ కుక్కలకూ పిల్లులకూ కూడా వైద్యం నేర్చుకుంటారు.

ఉబ్బసం అంటే ఏమిటో తెలియాలంటే ఒక చిన్న పని చేయండి. కూర్చుని, ముక్కు మూసుకొని, షర్బతు తాగే సన్నని గొట్టంతో నాలుగుసార్లు ఊపిరి తీసి వదలండి. చాలు, ఆపేయండి! ఎంత కష్టంగా ఉన్నది? ఊపిరితిత్తులలో గాలి పోయే నాళాలు చెట్టుకొమ్మలలాగా చీలుతూ, సన్నబడుతూ పోతాయి. ఉబ్బసం ఉన్నవారి నాళాలు మహా కోపిష్ఠివి. ఇతరులు లెక్కచేయని దుమ్మో, పొగో, పుప్పొడో తగిలితే చాలు, లోపలిగోడ వాస్తుంది. చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. జిగట కఫం ఊరుతుంది. దారి మూడువిధాల ఇరుకైపోతుంది. మనం గొట్టం తీసి పారవేశాం. దూదికి ఆ వీలు లేదు.

ఈ జబ్బుకు మందును ఊపిరితోనే లోపలికి పంపాలన్న ఊహ పాతది. మన దేశంలో ఉమ్మెత్తను ఎండబెట్టి, దాని పొగ పీల్చేవారు. ఆ వైద్యం 1802 ప్రాంతంలో మద్రాసునుంచి బ్రిటనుకు కూడా పోయింది. ఉమ్మెత్త విషపు మొక్క, పిల్లలు దాన్ని తాకవద్దు. మందును మితంగా ఇచ్చే ఉపాయం ఆ రోజులలో లేకపోయింది. తరువాత గాజుబుడ్డికి రబ్బరు తిత్తి బిగించి, దాన్ని నొక్కి మందును తుంపరగా పీల్చే సాధనాలు వచ్చాయి. అవి తేలికగా పగిలిపోయేవి.

1955లో అమెరికాలో పదమూడేళ్ళ అమ్మాయి ఒకతె ఉండేది. ఆమెకు ఉబ్బసం. ఆమె తండ్రి జార్జి మైసన్ రైకర్ అనే మందుల కంపెనీకి అధిపతి. “జుట్టుకు కొట్టుకొనే తుంపరను డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు గదా, నా మందును అలా ఎందుకు పెట్టరు?” అని ఆమె తండ్రిని అడిగింది. ఆయన ఆ ప్రశ్నను నవ్వి వదిలివేయలేదు. తన పనివారికి అప్పగించాడు. మరుసటి ఏడే, అంటే 1956లో, ఒక్కసారి నొక్కితే సరిగా ఒక్క మోతాదు మందు వచ్చే ఇన్‌హేలర్ అమ్మకానికి వచ్చింది. ఈనాడు లోకమంతటా కోట్లమంది జేబులలో ఉన్నది ఆ చిన్నడబ్బా సంతతే.

కాని అందులో ఒక చిక్కున్నది. డబ్బా నొక్కిన క్షణానే ఊపిరి లోపలికి పీల్చాలి. పెద్దలకే అది తప్పిపోతూ ఉంటుంది. పసిబిడ్డకు ఎలా చెబుతాం? పిల్లికి ఎలా చెబుతాం? అందుకని డబ్బాకు ఒక బోలు గొట్టం తగిలించారు. దాని పేరు స్పేసర్. గొట్టం రెండవ కొసన మెత్తని మాస్కు ఉంటుంది. మందు మేఘంలాగా గొట్టంలో నిలుస్తుంది. మాస్కును మూతికి ఆనించి ఉంచితే, బిడ్డ గాని పిల్లి గాని మామూలుగా ఊపిరి తీస్తూంటేనే మందు లోపలికి పోతుంది. పిల్లులకని ప్రత్యేకంగా చేసినవీ ఉన్నాయి. వాటిలో ఒక చిన్న రేకు ప్రతి ఊపిరికీ కదులుతుంది. దాన్ని చూసి ఏడు నుంచి పది ఊపిరులు లెక్కపెట్టాలి.

డాక్టరు రాసిచ్చిన మందూ, స్పేసరూ దూది ఇంటికి వచ్చాయి. తమ్ముడు సంతోషంగా పిల్లిని పట్టుకొని మాస్కు మూతిమీద పెట్టాడు. అంతే! దూది చేయి రక్కి, బీరువా మీదికి ఉరికింది. ఆ రోజంతా దిగలేదు. ఊపిరి ఆడని జంతువును పెనుగులాడిస్తే ఊపిరి మరింత కష్టమవుతుంది. మరి ఏం చేయాలి?

అక్కాతమ్ముళ్ళ మేనమామ ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడనుకుందాం. ఆదివారం వాళ్ళు అక్కడికి బయలుదేరారు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు. దారికి రెండు పక్కలా పత్తి, వేరుశెనగ, జొన్న, మిరప చేలు. తుంగభద్ర కాలువ నీరు అందినచోట పచ్చదనం, అందనిచోట ఎర్రని, నల్లని బీడు. ఎమ్మిగనూరు నేతవారి ఊరు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో ఇక్కడ చేనేతవారి సహకార సంఘం ఏర్పడింది. ఒక్కొక్కరుగా నూలు కొనలేక, గుడ్డ అమ్ముకోలేక అవస్థపడే నేతవారికి అది నూలు ఇచ్చి, నేసిన గుడ్డ అమ్మిపెట్టింది. 1954లో భారత ప్రభుత్వం సోమప్పగారికి పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది.

మామ గుంటమగ్గంలో కాళ్ళుపెట్టి కూర్చుని నేస్తున్నాడు. పడుగులో వందల పోగులున్నాయి. అందులో ఒకటి తెగింది. తమ్ముడు చటుక్కున దాని కొస పట్టుకొని లాగబోయాడు.

“అట్ల లాగొద్దప్పా! లాగితే పక్కపోగులు కూడా తెగుతాయి. మెల్లగా కొస వెతుక్కొని ముడి వేయాల,” అన్నాడు మామ.

“కొత్తగా వచ్చినవాళ్ళకు ఇదంతా ఎట్లా నేర్పిస్తారు మామా?” అని అడిగింది అక్క.

“మొదటిరోజే మగ్గమెక్కిస్తామా? ముందు కండెలు చుట్టనిస్తాం. అది చేతికి అలవాటయినాక ముడి వేయటం. ఆ తరువాతనే నాడె. ఒకటి వచ్చినాకనే ఇంకొకటి.”

అక్క తమ్ముడివైపు చూసింది. పిల్లిని మొదటిరోజే మగ్గమెక్కించారు వాళ్ళు!

ఆదోని తిరిగి రాగానే వాళ్ళు డాక్టరును అడిగి, ఒక కాగితంమీద మెట్లు రాసుకున్నారు. పశువైద్యులు చెప్పే పద్ధతి కూడా ఇదే.

మొదటి మెట్టు. మాస్కును ఒక్కదాన్నే దూది అన్నం తినే పళ్ళెం పక్కన ఉంచారు. ఎవరూ దాన్ని ముట్టలేదు. దూది వచ్చి వాసన చూసి, చెంప రుద్దుకొని పోయింది. చెంప రుద్దిందంటే పిల్లి ఆ వస్తువును తనదిగా ఒప్పుకున్నదన్నమాట.

రెండవ మెట్టు. మాస్కులో ఉడికిన చేప తునక ఒకటి పెట్టారు. దూది తనంతట తానే మూతి లోపల పెట్టి తిన్నది.

మూడవ మెట్టు. దూది మోకాళ్ళ మధ్య, అక్కవైపు వీపు పెట్టి కూర్చున్నది. అక్క మాస్కును మూతికి ఒక్క క్షణం ఆనించి, పిల్లి తల తిప్పకముందే తీసివేసింది. వెంటనే చేపతునక ఇచ్చింది. ఇందులోనే కిటుకంతా ఉన్నది. పిల్లి పెనుగులాడిన తరువాత తీస్తే, పెనుగులాడితే తీస్తారని అది నేర్చుకుంటుంది. నెమ్మదిగా ఉన్నప్పుడే తీస్తే, నెమ్మదిగా ఉంటే చేప వస్తుందని నేర్చుకుంటుంది.

నాలుగవ మెట్టు. ఒక ఊపిరి, మరునాడు రెండు, ఆ తరువాత మూడు. చెవులు వెనక్కి వాలినా, తోక కొట్టుకున్నా ఆనాటికి అంతటితో సరి. మరునాడు ఒక మెట్టు దిగి మళ్ళీ మొదలు.

అయిదవ మెట్టు చప్పుడు. ఇన్‌హేలరు నొక్కితే ‘స్స్’మంటుంది. కోపం వచ్చిన పిల్లి చేసే చప్పుడూ అదే! అందుకని తమ్ముడు పక్కగదిలో నోటితో ‘స్స్’ అని మెల్లగా అన్నాడు. అక్క చేప పెట్టింది. రోజురోజుకూ తమ్ముడు కాస్త దగ్గరికి జరిగాడు. వాడికి ఈ ఉద్యోగం చాలా నచ్చింది.

చివరి మెట్టులోగాని మందు లేదు. డబ్బాను కుదిపి, స్పేసరుకు తగిలించి, నొక్కి, పది ఊపిరులు లెక్కపెట్టారు. చప్పుడుకు ఇంకా బెదిరే పిల్లి అయితే, డాక్టరును అడిగి, ముందే గొట్టంలోకి నొక్కి వెంటనే మాస్కు ఆనించవచ్చు.

ఇదంతా పూర్తి కావటానికి కొన్ని పిల్లులకు వారం చాలు, కొన్నింటికి నెల పడుతుంది. మరి అన్నాళ్ళు జబ్బు ఊరుకుంటుందా? ఊరుకోదు. అందుకే పిల్లి మాస్కుకు అలవాటు పడేదాకా డాక్టరు మాత్రలో, సూదిమందో ఇస్తారు. పీల్చే మందు మొదలైన తరువాత కూడా దాని పూర్తి గుణం కనబడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. తొందరపడకపోవటం వేరు, ఆలస్యం చేయటం వేరు.

పీల్చే మందులు రెండు రకాలని గుర్తుంచుకోండి. ఫ్లూటికసోన్ వంటివి నాళాల వాపును తగ్గిస్తాయి. పిల్లి హుషారుగా ఉన్నా రోజూ ఇవ్వాలి. సాల్బుటమాల్ వంటివి బిగుసుకున్న కండరాన్ని కొద్ది నిమిషాలలో వదులు చేస్తాయి. అవి ఆయాసం ముంచుకొచ్చినప్పటికి. వెంటనే గుణమిస్తున్నది గదా అని రెండవదానినే రోజూ వాడితే లోపలి వాపు అలాగే ఉండిపోతుంది. ఇంట్లో మనుషుల ఇన్‌హేలరు ఉన్నా డాక్టరు చెప్పనిదే పిల్లికి పెట్టకూడదు. మనం జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయటానికి. పిల్లి నోరు తెరిచి రొప్పుతున్నా, చిగుళ్ళు నీలంగా మారినా అది ఆలోచించే సమయం కాదు. వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

మందుతోనే పని అయిపోలేదు. ఆ ఇంట్లో అందరూ తలా ఒక పని చేశారు. అమ్మ నీళ్ళు చిలకరించిగాని ఊడ్వటం లేదు. అవ్వ సాంబ్రాణి పొగను, అగరువత్తులను మానుకున్నది. మిల్లుకు పోయి వచ్చే నాన్న, బట్టల నూగు దులుపుకొని, చేతులూ మొగమూ కడుక్కొని గాని దూదిని ఎత్తుకోవటం లేదు. బీడీ మాట అసలే లేదు.

స్పేసరును కడగటం తమ్ముడి పని. వారానికొకసారి సబ్బునీళ్ళలో జాడించి గాలికి ఆరబెట్టాలి. “గుడ్డతో తుడిస్తే త్వరగా ఆరుతుంది గదా?” అన్నాడు వాడు. తుడవకూడదు! ఎందుకో తెలుసా? దువ్వెనను తలమీద రుద్ది కాగితపు ముక్కల దగ్గర పెట్టండి. అవి ఎగిరి అతుక్కుంటాయి. రాపిడివల్ల పుట్టిన విద్యుత్తు చేసే పని అది. ప్లాస్టిక్ గొట్టాన్ని గుడ్డతో రుద్దినా అంతే. మందు తుంపరలు గొట్టం గోడలకే అతుక్కుపోయి పిల్లి ఊపిరిదాకా చేరవు.

పిల్లుల ఉబ్బసం సాధారణంగా పూర్తిగా పోదు. కాని అదుపులో ఉంటుంది. మందు రోజూ అందుతూ, దుమ్మూ పొగా తగ్గితే దూదివంటి పిల్లి గోడలెక్కుతుంది, బల్లుల వెంట పడుతుంది, తమ్ముడి పలకమీద పడుకుంటుంది. పొద్దున్నే మాస్కు తీసిన చప్పుడు వింటే తానే వచ్చి కూర్చునే పిల్లులు కూడా ఉన్నాయి. చేప కోసమే అనుకోండి!

పిల్లలూ, మీ ఇంట్లోనూ పిల్లి ఉంటే మీరు చేయగలిగిన పని ఒకటున్నది. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు, ముట్టుకోకుండా పక్కన కూర్చుని, గడియారం చూస్తూ ఒక నిమిషంలో దాని డొక్క ఎన్నిసార్లు లేచి పడుతుందో లెక్కపెట్టండి. సాధారణంగా 15 నుంచి 30 మధ్య ఉంటుంది. ఆ అంకెను తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాయండి. రోజూ 30 దాటుతూ ఉంటే పెద్దలకు చెప్పండి. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ పుస్తకం తీసుకుపోండి. పిల్లి తన నోటితో చెప్పుకోలేని సంగతి అందులో ఉంటుంది.